ఏ బంగారం?

2023 ఫిబ్రవరిలో ఒకరోజు రాత్రి తొమ్మిది దాటాక మా మేనమామ ఫోన్ చేశాడు. రాజురా తాలూకాలో ఆయనకు ఎనిమిదెకరాల పత్తి చేను ఉంది. ఆ ఏడు పత్తి ఏరించాడు గానీ అమ్మలేదు. అంతకు ముందటి సీజన్‌లో క్వింటాలు పదివేలు దాటింది కదా, మళ్లీ అంత పలక్కపోతుందా అని ముందర గదిలో కప్పు దాకా పోసి పెట్టాడు. ఆ గది తలుపు తీసినప్పుడల్లా అత్తకు తుమ్ములు. ఎలుకల బాధ, నిప్పు భయం సరేసరి.

"అల్లుడా, కశ్మీర్ దిక్కు తెల్ల బంగారం దొరికిందట గదా. లక్షల టన్నులట. ఇగ మన రేటు పడిపోయినట్టేనా?"

ఆయన దేని గురించి అడుగుతున్నాడో తెలియడానికి నాకు నిమిషం పట్టింది. జమ్మూ కశ్మీర్‌లోని రియాసీ జిల్లాలో 59 లక్షల టన్నుల లిథియం నిల్వలు ఉన్నట్టు భూగర్భ సర్వే సంస్థ అంచనా వేసిన రోజులవి. టీవీలు, పేపర్లు అన్నీ 'తెల్ల బంగారం' అనే రాశాయి. మామ మనవడు ఫోన్‌లో హెడ్డింగ్ చదివి వినిపించాడు. కింద ఏముందో తాత అడగలేదు, మనవడూ చదవలేదు.

"మామా, అది పత్తి కాదు. బ్యాటరీల్లో వాడే లోహం."

"మరి తెల్ల బంగారం అని ఎట్ల రాస్తరు? ఆ పేరు మనది గదా!"

నవ్వొచ్చింది కానీ ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. ఒక ముద్దుపేరు ఎవరిది? అది ఒకేసారి ఇన్ని వస్తువుల మీద ఎలా వాలుతుంది?

మాది బల్లార్‌పూర్. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా, వర్ధా నది ఒడ్డు. నది దాటితే రాజురా. రాష్ట్రాల పునర్విభజన దాకా రాజురా, కిన్వట్ ఆదిలాబాద్ జిల్లా కింద హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేవి. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, రైల్లో హిందీ. ఈ సరిహద్దులో పేర్ల తికమక మాకు కొత్తేమీ కాదు. జివతి కొండల మీద 14 ఊళ్లు దశాబ్దాల పాటు రెండు రాష్ట్రాల లెక్కల్లోనూ నడిచాయి, ఒక్కో ఇంట్లో రెండేసి రేషన్ కార్డులు. అక్కడ ఒక ఊరికి ఇద్దరు యజమానులైతే, బంగారం విషయంలో ఒక్క పేరుకు పది మంది హక్కుదారులు.

మా దగ్గర బంగారం అనని వస్తువు దొరకడం కష్టం. పత్తి తెల్ల బంగారం. బొగ్గు నల్ల బంగారం. తునికాకు ఆకుపచ్చ బంగారం, వెదురూ అదే. మిర్చి ఎర్ర బంగారం. పసుపు పచ్చ బంగారం, మరాఠీవాళ్లు సోయాబీన్‌ను కూడా 'పివళం సోనం' అంటారు, అంటే అదీ పచ్చ బంగారమే. ఇక పిల్లలుంటే తెలుగింట్లో 'బంగారం', మరాఠీ ఇంట్లో 'సోన్యా'. ఎద్దుల పండగ పోళా నాడు వీధిలో నిలబడి సోన్యా అని కేకేస్తే పిల్లాడు పలుకుతాడో, ఎద్దు తల తిప్పుతుందో చెప్పలేం. రెంటికీ ఆ పేరు పెడతారు.

వీటిలో ఒకదానికీ ఇంకోదానికీ పోలిక లేదు. పత్తి తేలిక, బొగ్గు బరువు. మిర్చి తింటాం, తునికాకును బీడీగా చుట్టి కాలుస్తాం. అయినా పేరు ఒకటే ఎందుకైందంటే, ఈ ముద్దుపేరు వస్తువును వర్ణించదు. వస్తువుకు ఎంత డబ్బు వస్తుందో, వచ్చిందో, వస్తుందని ఆశ ఉందో అది చెబుతుంది. వస్తువుకు ఉన్న వంద గుణాల్లో తొంభై తొమ్మిదింటిని పక్కకు నెట్టి ఒక్కదాన్నే పట్టుకునే పేరు ఎన్నిటికైనా అతుకుతుంది. ముందున్న రంగు చిరునామా లాంటిది. తెల్లది అంటే ఏ సందులోకి వెళ్లాలో తెలుస్తుంది. ఆ సందులో ఎన్ని ఇళ్లున్నాయో తెలియదు.

అలాగని అన్నీ ఒకే దారిలో వచ్చిన పేర్లు కావు. పత్తి సంగతి చూడండి. విదర్భలో పాతకాలం రైతులెవరిని అడిగినా ఒక లెక్క చెబుతారు: అప్పట్లో క్వింటాలు పత్తి అమ్మితే తులం బంగారం వచ్చేది. 1972లో పది గ్రాముల బంగారం రెండు వందల రూపాయల చుట్టుపక్కల ఉంది. మహారాష్ట్ర ప్రభుత్వం పత్తిని తానే కొనే ఏకాధికార పథకాన్ని మొదలుపెట్టింది కూడా ఆ ఏడే. మా అమ్మ పెళ్లి అదే ఏడు జరిగింది. అమ్మమ్మ వాళ్ల నాన్న రెండు క్వింటాళ్ల పత్తి బండికెత్తి పట్నం పోయి, తిరిగొచ్చేటప్పుడు పంచె మడతలో రెండు తులాల గొలుసు తెచ్చాడని మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారో. అంటే ఆ రోజుల్లో 'పాంఢరం సోనం', మరాఠీలో తెల్ల బంగారం, పోలిక కాదు, మారకపు లెక్క. ఇటు బస్తా, అటు తులం. ఆ లెక్క ఎప్పుడో చెదిరిపోయింది, పేరు మాత్రం నిలిచింది.

లిథియం పేరు అలా పుట్టలేదు. ఎవరో విదేశీ పెట్టుబడి వార్తల్లో రాశారు, మనవాళ్లు తెలుగులోకి దించుకున్నారు. అచ్చు ముందే ఉంది కాబట్టి పోసేయడం సులువు. పత్తిది పుట్టిన పేరు, లిథియానిది అతికించిన పేరు అని నేను విడదీసుకుంటాను. చదివేవాడికి మాత్రం రెండూ ఒకే అక్షరాల్లో కనిపిస్తాయి. అక్కడే మా మామ బోర్లా పడ్డాడు.

తెలుపు సందులో వీళ్లిద్దరే లేరు. యూరప్‌లో పింగాణీని తెల్ల బంగారం అనేవారు. చైనా పింగాణీ రహస్యం పట్టుకోవడానికి రాజులు రసవాదుల్ని గదుల్లో పెట్టి తాళం వేసిన కాలం అది. 1710లో జర్మనీలోని మైసెన్‌లో కార్ఖానా మొదలైంది. ఉప్పునూ అలాగే పిలిచారు. అన్నిటికంటే తమాషా నగల దుకాణంలో ఉంది. అక్కడ 'వైట్ గోల్డ్' అంటే నిజంగానే బంగారం, పల్లాడియం లాంటి తెల్ల లోహం కలిపి రంగు మార్చిన బంగారం. ఇన్ని తెల్ల బంగారాల్లో పేరుకు తగ్గ వస్తువు అదొక్కటే. మా వైపు దాన్ని కొనేవాళ్లు తక్కువ, 'వెండిలా ఉంది, దీనికెందుకంత డబ్బు' అంటారు.

నలుపుకు వద్దాం. ఇది నా ఇంటి రంగు.

మా నాన్న వాళ్ల నాన్న కరీంనగర్ వైపు నుంచి బొగ్గు బాయి పనికి ఇక్కడికొచ్చాడు. అటు సింగరేణిలోనూ, ఇటు మా వర్ధా లోయలోనూ తెలుగు కూలీలు తట్ట, చెమ్మస్ (పార) పట్టుకుని బొగ్గు నింపారు. చంద్రపూర్‌కు ఇప్పుడు 'బ్లాక్ గోల్డ్ సిటీ' అని పేరు. ఊరి పక్కనే 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది, ఆ బొగ్గే అందులో మండేది. వరోరాలో అయితే బ్రిటిష్ ప్రభుత్వం పందొమ్మిదో శతాబ్దంలోనే గని తవ్వించింది. మా ఊరి పిల్లవాడికి నల్ల బంగారం అంటే ఇంకో అర్థం ఉంటుందని చెప్పినా ఎక్కదు.

నాకు ఎక్కింది కాలనీ క్వార్టర్స్‌లో. మా పక్క ఇంట్లో కేరళ ఆంటీ ఉండేది. సెలవులకు ఊరెళ్లి వచ్చినప్పుడల్లా ఒక చిన్న పొట్లం మిరియాలు మా అమ్మ చేతిలో పెట్టి, 'ఇది మా కరుత్త పొన్ను' అనేది. నల్ల బంగారం అన్నమాట. అటు వాకిట్లో బొగ్గు కుప్ప, ఇటు అమ్మ అరచేతిలో మిరియాలు. అప్పుడే మా నాన్న స్నేహితుడొకాయన కువైట్ నుంచి వచ్చి, అక్కడ నేలలోంచి నల్ల బంగారం ఎట్లా పైకొస్తుందో చెబుతుంటే ఆయన చెప్పేది ముడి చమురు గురించి. మా ఊరివాళ్లు, ఆంటీ, కువైట్ ఆయన, ముగ్గురిలో ఎవరూ అబద్ధమాడలేదు. మిరియాల కథ మరీ పాతది. క్రీ.శ. 408లో రోమ్ నగరాన్ని చుట్టుముట్టిన అలారిక్, ముట్టడి ఎత్తేయడానికి బంగారం, వెండితో పాటు 3,000 పౌన్ల మిరియాలు కూడా అడిగాడు. బంగారంతో కలిపి అడిగిన వస్తువును నల్ల బంగారం అంటే తప్పేముంది? వాళ్ల వాళ్ల ఊళ్లో ఉన్నంత కాలం ఒక్కొక్కరి పేరుకూ పోటీ లేదు. కాలనీలో పక్కపక్కన కాపురం పెట్టేసరికి తికమక మొదలైంది. ఇప్పుడు ఫోన్ ఒక పెద్ద కాలనీ.

తాత మాత్రం బొగ్గును ఏనాడూ బంగారం అనగా నేను వినలేదు. 'బొగ్గు' అనేవాడు, కోపం వస్తే 'ముదనష్టపు బొగ్గు' అనేవాడు. కొనేవాళ్ల కాగితాల్లోనూ ఆ మాట ఉండదు. అక్కడ బొగ్గుకు జీ1 నుంచి జీ17 దాకా గ్రేడులు, మండితే ఎంత వేడి వస్తుందో అన్నదాన్ని బట్టి. పత్తి కూడా అంతే. కొనుగోలు కేంద్రంలో ట్రాలీ ఆగగానే ఒకాయన తేమ మీటర్ సూదిని పత్తిలోకి గుచ్చి అంకె చూస్తాడు. ఎనిమిది శాతం దాకా పూర్తి మద్దతు ధర, ఆపైన కోత, పన్నెండు దాటితే బండి వెనక్కి. ఆ సూది ముందు తెల్ల బంగారం, నల్ల బంగారం అని ఎవరూ అనరు. చేలో వంగి ఏరే ఆడవాళ్లూ అనరు, వాళ్లకది కిలో లెక్క కూలి. నేను చూసినంతలో ఈ ముద్దుపేరు వాడేది ముఖ్యంగా దూరంగా నిలబడి చూసేవాళ్లు: హెడ్డింగ్ రాసేవాళ్లు, మైకు పట్టుకున్న నాయకులు, నాలాగా వ్యాసాలు రాసేవాళ్లు. రైతు అనేది రేటు బాగున్న నాడే. రేటు పడితే 'తెల్లబోయిన తెల్ల బంగారం' అని పేపర్ వాళ్లే మాట విరిచి హెడ్డింగ్ పెడతారు, ఏటా పెడతారు, వాళ్లకూ విసుగు రాదు.

ఆకుపచ్చ దగ్గర తెలుగువాడికి ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. మన 'పచ్చ' రెండు రంగుల మాట. పచ్చగడ్డిలో అది ఆకు రంగు, పచ్చకామెర్లలో పసుపు రంగు. భాషావేత్తలు పచ్చ, పసుపు, పసిడి, పైడి అన్నిటినీ ఒకే ద్రావిడ ధాతువు కింద పెడతారు. అంటే బంగారానికి మనకున్న పసిడి, పైడి అనే పేర్లు ఆ రంగులోంచే వచ్చాయి. ఇక 'పచ్చ బంగారం' అని రాస్తే ఆర్మూరు రైతు పసుపు కొమ్ములు అనుకుంటాడు, సిరోంచ మనిషి తునికాకు అనుకుంటాడు. మరాఠీలో ఈ గొడవ లేదు, హిర్వం వేరు, పివళం వేరు. అందుకే తెలుగు పేపర్లు 'ఆకుపచ్చ' అని పూర్తిగా రాయాల్సి వస్తుంది.

గడ్చిరోలి జిల్లాలో, ప్రాణహిత ఒడ్డున సిరోంచ చుట్టుపక్కల తెలుగు ఊళ్లలో తునికాకును ఆ మాట అనడానికి కారణం స్పష్టం. వేసవి చివర్లో, చేలో పని లేని నెలలో, చేతికి నగదు వచ్చేది దీని వల్లే. తెల్లారకముందే అడవికి పోతారు. లేత ఆకు తెంపి, ఎండెక్కకముందే ఇంటికి తెచ్చి, ఇంటిల్లిపాదీ అరుగు మీద కూర్చుని ఆకులు లెక్కపెట్టి కట్టలు కడతారు. నార బిగించే వేళ్లు ఆగవు, కబుర్లూ ఆగవు. సాయంత్రానికి కల్లంలో వరుసలు పేరుస్తారు. వెయ్యి కట్టలైతే ఒక బస్తా లెక్క. ఒక్క వాన పడితే ఆకు మచ్చపడి ఎందుకూ పనికిరాదు.

అదే అడవిలో వెదురు కూడా ఆకుపచ్చ బంగారమే. మా బల్లార్‌పూర్ కాగితపు మిల్లు 1945 నాటిది, దాని ఆకలి తీర్చింది చాలావరకు ఆ వెదురే. కానీ ఆ బంగారం ఎవరిదన్నది చాలాకాలం తెగలేదు. వృక్షశాస్త్రం ప్రకారం వెదురు గడ్డి జాతి. 1927 అటవీ చట్టం దాన్ని చెట్ల జాబితాలో కలిపింది, చెట్టైతే అటవీ శాఖది. గడ్చిరోలిలోని మెంఢా లేఖా గ్రామం 2009లో సామూహిక అటవీ హక్కులు పొందింది, 2011లో తన వెదురు తానే అమ్ముకునే అనుమతి కాగితాలు చేతికి తెచ్చుకుంది. 2017లో సవరణ తెచ్చి చట్టంలోని చెట్టు అర్థం నుంచి వెదురును తీసేశారు. ముద్దుపేరు పది మంది పంచుకుంటే ఎవరికీ నష్టం లేదు. చట్టం పెట్టిన పేరు ఒక్కటి తప్పితే తొంభై ఏళ్లు పడుతుంది సరిచేయడానికి.

ఎరుపు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గుంటూరు, ఖమ్మం, ఇటు నాందేడ్ జిల్లా ధర్మాబాద్ మార్కెట్లలో మిర్చి. అడవి దొంగల వార్తల్లో ఎర్రచందనం. కశ్మీర్‌లో కుంకుమపువ్వు. 2023 జులైలో కిలో నూట యాభై దాటినప్పుడు నెల రోజుల పాటు టమాటా కూడా ఎర్ర బంగారమే, ఆ తర్వాత పదవి ఊడింది.

రంగు లేని బంగారం ఒకటుంది, మా సరిహద్దులో నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే. దసరా సాయంత్రం. తెలంగాణ పద్ధతిలో మేము జమ్మి ఆకు చేతిలో పెట్టి 'బంగారం' అని కౌగిలించుకుంటాం, పెద్దవాళ్లకైతే కాళ్లు మొక్కుతాం. మరాఠీవాళ్లు ఆపటా ఆకు ఇచ్చి 'సోనం ఘ్యా, సోన్యాసార్ఖం రాహా' అంటారు. బంగారం తీసుకో, బంగారంలా ఉండు అని. ఆకులు చూస్తే ఏ పోలికా లేదు. జమ్మిది సన్నని చిట్టి రెమ్మ, ఆపటాది మధ్యలో చీలిన రెండు రెక్కల ఆకు. కథ మాత్రం ఇద్దరిదీ ఒకటే చోట కలుస్తుంది. కౌత్సుడనే శిష్యుడు గురుదక్షిణగా 14 కోట్ల బంగారు నాణేలు ఇవ్వాల్సి వచ్చి రఘు మహారాజును అడగడం, రఘువు కుబేరుడి మీదికి బయలుదేరడం, కుబేరుడు భయపడి బంగారు వాన కురిపించడం. ఆ వాన ఏ చెట్టు మీద పడిందన్న దగ్గర జనం నోళ్లలో దారులు వేరయ్యాయి: ఒకచోట జమ్మి, ఒకచోట ఆపటా. మా వీధిలో రెండూ జేబులో వేసుకుని తిరుగుతాం. రాత్రి చొక్కా విప్పితే రెండు రకాల బంగారం రాలుతుంది.

ఈమధ్య మూడోది కూడా రాలుతోంది. ఆపటా చెట్లు తగ్గిపోయాయి, బజార్లో అమ్మే 'సోనం' కట్టల్లో సగానికి పైగా పెద్ద పెద్ద ఆకులు. అవి ఆపటా కావు, అదే కుటుంబంలోని దేవకాంచనం. మరాఠీలోనూ కాంచనే అంటారు. ఒకసారి పది రూపాయలకు కట్ట కొని, ఇది ఆపటా కాదు కదా అమ్మా అన్నాను. 'ఆజ్ సగ్లం సోనంచ్' అంది ఆమె, ఈరోజు అన్నీ బంగారమే అని. ఇంటికొచ్చాక తట్టింది. కాంచనం అంటేనే బంగారం కదా! ముద్దుపేరుగా బంగారమైన ఆకు స్థానంలోకి, అసలు పేరులోనే బంగారం ఉన్న ఆకు నకిలీగా వచ్చి కూర్చుంది.

మరి ఎవరూ అడ్డుకోరా అంటే, అడ్డుకోవడానికి దారి లేదు. ఊరి పేరుతో కలిసిన వస్తువు పేరైతే కాపాడుకోవచ్చు. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం కింద మా విదర్భలో భివాపూర్ మిర్చి, వాయిగావ్ పసుపు నమోదయ్యాయి, అటు వరంగల్ చపాటా మిర్చికి 2025లో వచ్చింది. వేరే ఊరి మిర్చిని భివాపూర్ మిర్చి అని అమ్మితే కేసు పెట్టొచ్చు. ఎర్ర బంగారం అని అమ్మితే ఎవరి మీద పెడతారు? 'ఆ పేరు మనది గదా' అన్న మా మామకు చూపించడానికి నా దగ్గర ఏ రిజిస్టరూ లేదు.

2025 ఏప్రిల్‌లో మామ మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి నేను తయారుగా ఉన్నాను.

"అల్లుడా, బంగారం ఎంత నడుస్తుంది?"

"ఏ బంగారం మామా?"

"పెండ్లికి పెట్టే బంగారం రా. పిల్లకు సంబంధం కుదిరింది."

పది గ్రాములు లక్ష దాటిందని చెప్పాను. పాత తులం అయితే 11.66 గ్రాములు, ఇప్పుడు పది గ్రాములనే తులం అంటున్నారు అని కూడా అన్నాను, అదేదో తగ్గింపు అన్నట్టు. ఆయన పట్టించుకోలేదు, లెక్కలో ఉన్నాడు. ఆ ఏడు పొడుగు పింజ పత్తి మద్దతు ధర 7,521. తులానికి పదమూడు క్వింటాళ్ల పైచిలుకు. ఎకరానికి ఆరు క్వింటాళ్ల చొప్పున ఎనిమిదెకరాలకు నలభై ఎనిమిది.

"మూడున్నర తులాలు" అన్నాడు చివరికి. "విత్తనం, మందులు, కూలి తియ్యకముందు."

ఆ తర్వాత ముందర గది ఖాళీగానే ఉందని, పెళ్లివాళ్లు కూర్చోవడానికి సరిపోతుందని చెప్పాడు.